నూట పది వోల్టుల అల్లుడు

మా ఆయన సౌదీ నుంచి తిరిగి వచ్చిన రోజున, కోరుట్లలో మా అమ్మ ఇంటి ముందు గల్లీ అంతా నిలబడింది. ఆయన్ని చూడడానికి కాదు, జీపు మీద తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెను చూడడానికి. ఆ పెట్టె ఎంత పెద్దదంటే, దాన్ని కిందికి దించాక ఆయన దాని వెనక నిలబడితే నాకు కనబడలేదు. నాలుగు వైపులా నల్లటి పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, జిల్లా రాసి ఉన్నాయి. దారిలో మనిషి తప్పిపోయినా పెట్టె మాత్రం తనంతట తాను ఇల్లు చేరుకునేటట్టుంది.

అంతకుముందు మేము సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉండేవాళ్లం. ఆయన మరమగ్గాల మీద పని చేసేవాడు. మా దిక్కు వాటిని సాంచాలు అంటారు. గుడ్డకు గిరాకీ పడిపోయి సాంచాలు ఒకటొకటిగా ఆగిపోయిన కాలం అది. ఏ వాడలో ఎవరు ఉరి పోసుకున్నారో అని పొద్దున లేస్తూనే భయం. ఆయన పని చేసిన కార్ఖానా యజమాని సాంచాలను సమ్మెటతో పగలగొట్టించి పాత ఇనుము కింద అమ్మేశాడు. ఆ పగలగొట్టే పని కూడా మా ఆయనకే ఇచ్చాడు. అది అయ్యాక ఆయన సౌదీకి పోయాడు. నేను కోరుట్లకు, అమ్మ దగ్గరికి వచ్చి బీడీలు చేసుకుంటూ ఉండిపోయాను. సౌదీలో ఆయన పని ఒక పెద్ద బిల్డింగులో మెట్లు తుడవడం, ఇళ్లలోని చెత్త కిందికి దించడం. నాలుగేళ్ల తరవాత ఆయన కంపెనీకి ఆ బిల్డింగు పని చేజారింది. కంపెనీ అందరినీ ఇళ్లకు పంపేసింది.

మా అమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. అది ఆమె మర్యాద. ఏది చెప్పాలన్నా నాతో చెప్పాలి, నేను ఆయనతో చెప్పాలి. ఆయన చేతికి అందేంత దూరంలో ఉన్నా ఇదే పద్ధతి. మా ఆయన కూడా దాన్ని తప్పేవాడు కాదు.

"పెట్టెల ఏమున్నదో అడుగు బిడ్డా," అన్నది అమ్మ తలుపు చాటు నుంచి.

"ఇప్పుతున్న, చూడుమను," అన్నాడు ఆయన తాళ్లు కోస్తూ.

గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల్లో ఏముంటాయో మా గల్లీలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. సెంటు సీసాలు, పూల దుప్పట్లు, బాదం పప్పు, అడుగున ఎక్కడో బట్టల మధ్య కాస్త బంగారం. మా పెట్టెలోంచి ముందుగా పిడి విరిగిన గిన్నెతో ఒక మిక్సీ వచ్చింది. తరవాత ఒక ఇస్త్రీ పెట్టె. ఎర్ర అంకెల గడియారం. రిసీవర్లు లేని టెలిఫోన్లు. గడ్డం గీసుకునే మిషన్లు నాలుగు. పాముల పుట్ట తవ్వినట్టు వైర్ల ముద్ద ఒకటి. చివరికి ఇద్దరు పట్టి లేపితే చక్రాల మీద నడిచే ఒక డ్రమ్ము వచ్చింది. దానికి ఏనుగు తొండం లాంటి పైపు ఉంది.

"గివన్ని కొన్నవా?" అని అడిగాను.

"కొనలే. పడేసిన్రు."

ఆ మాట ఆయన ఎంత సంతోషంగా అన్నాడంటే, గుంపులో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"వైరు తెగితె పడేస్తరు. గుండీ ఊడితె పడేస్తరు. కొత్తది కొంటె పాతది మంచిగున్నా పడేస్తరు. చెత్త దించేటోన్ని నేనే గదా. పానమున్న వస్తువుల్ని నా చేతులతోని ఎట్ల పడేస్త చెప్పు? మంచం కింద దాచిన. రూములున్నోళ్లు రోజు లొల్లి పెట్టుకునేది."

"సెంటు తేలేదా తమ్మీ?" అని గుంపులోంచి ఒక పెద్దాయన అడిగాడు.

"లేదన్నా. గని గడ్డం గీకే మిషిన్లు నాలుగున్నయి."

గల్లీ అంతా ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన మిక్సీ బయటికి తీశాడు. దాని ప్లగ్గు మన గోడకు పట్టలేదు. దాన్ని కోసేసి మన ప్లగ్గు కట్టాడు. అమ్మ పల్లీలు, మిరపకాయలు వేయించి ఇచ్చింది. రోట్లో నూరే పని తప్పుతుందని ఆమెకూ ఆశగానే ఉంది. తలుపు చాటు వదిలి రెండడుగులు ముందుకు వచ్చి నిలబడింది.

ఆయన స్విచ్చి వేశాడు.

సౌదీలో ఆ మిక్సీ ఎలా మోగేదో నాకు తెలియదు. కోరుట్లలో మాత్రం విమానం లేచినట్టు లేచింది. గట్టు మీద గంతులు వేస్తూ గోడ దాకా పోయింది. మూత ఊడి పైకప్పుకు తగిలింది. దాని వెనకే పచ్చడి లేచి పైకప్పు మీద, క్యాలెండరు మీద, అమ్మ ముఖం మీద పడింది. ఆ తరవాత మిక్సీ కింద నుంచి నీలం పొగ వచ్చి, ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది.

అమ్మ చెంప మీది పచ్చడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు తక్కువైందని చెప్పు బిడ్డా," అని లోపలికి పోయింది.

కోరుట్ల బస్టాండు దగ్గర మోటార్ల వైండింగ్ చేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. కరెంటు సరిగా రాక కాలిపోయిన రైతుల బోరు మోటార్లను విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. మిక్సీని ఆయన దగ్గరికి తీసుకుపోయాం. దాన్ని బోర్లించి, కింద అంటించి ఉన్న రేకు మీది అంకెలు చదివి, చాలాసేపు తల ఊపాడు. డాక్టరు ఇంటివాళ్లకు విషయం ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టు ఉంది ఆ ఊపడం.

"చెల్లే, ఇది నూట పది వోల్టులది. మన దగ్గర కరెంటు రెండువందల ముప్పై. ఒక్క రొట్టె తినేటోని నోట్లె రెండు రొట్టెలు కుక్కిండు మీ ఆయన. ఏం జేస్తది పాపం?"

"మిగిలినయి మంచిగనే ఉంటయి గదా భాయ్?" అన్నాడు మా ఆయన.

మధ్యాహ్నానికి మిగిలినవన్నీ గోనెసంచిలో వేసుకుని మళ్లీ పోయాం. భాయ్ ఒక్కొక్కదాన్ని తిప్పి చదివాడు. ఇస్త్రీ పెట్టె నూట పది. గడియారం నూట పది. తొండం ఉన్న డ్రమ్ము నూట పది. అది ఇల్లు ఊడ్చే మిషన్ అని కూడా ఆయనే చెప్పాడు. దుమ్మును పీల్చుకుంటుందట. సాయంత్రానికి ఈ సంగతి మా గల్లీకి చేరింది. అప్పటి నుంచి మా ఆయన పేరు నూట పది వోల్టుల అల్లుడు. పాలు పోసేవాడు కూడా అదే అన్నాడు.

భాయ్‌కి మా మీద జాలి కలిగిందో, ఆ పని మీద సరదా కలిగిందో తెలియదు. ఆయన దుకాణం మూలన పాత స్టెబిలైజర్లు రెండు పడి ఉంటే, వాటి ఇనుప రేకులు ఊడదీసి, తీగ చుట్టి, వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తయారు చేశాడు. దానికి పెట్టె దొరక్క మంచినూనె డబ్బాలో కూర్చోబెట్టాడు. ఆ డబ్బా మీద పల్లికాయల బొమ్మ ఉండేది. కాలిన మిక్సీకి కూడా పాత వోల్టులకే మళ్లీ తీగ చుట్టి ఇచ్చాడు. పని పూర్తయ్యేలోపు మా ఆయన చేత ఎన్ని చాయ్‌లు తెప్పించుకున్నాడో లెక్క లేదు.

ఇక మా ఇంట్లో ఆ నూనె డబ్బా రాజ్యం మొదలైంది. వస్తువులు అన్ని ఉన్నా డబ్బా ఒక్కటే. కాబట్టి ఒకసారి ఒక్కటే నడవాలి. మిక్సీ తిరగాలంటే ఇస్త్రీ ఆగాలి. ఇస్త్రీ చేయాలంటే డబ్బాను వంటింట్లోంచి ముందు గదికి మోయాలి. అది పిల్లి కంటే పెద్దది కాదు గానీ, లేపితే వడ్ల మూట లేపినట్టే. మా ఆయన దాన్ని రెండు చేతులతో కడుపుకు ఆనించుకుని, నడుము వెనక్కి వంచి, నెలలు నిండిన మనిషిలా ఒక గదిలోంచి మరో గదికి నడిచేవాడు.

ఏ పనీ లేనప్పుడు డబ్బాకు గడియారం తగిలించేవాడు. ఎర్ర అంకెలు చూడముచ్చటగా ఉండేవి గానీ, గంటకు పది నిమిషాలు వెనకబడేవి. మళ్లీ భాయ్ దగ్గరికి పరుగు. అక్కడి కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుందట, మనది యాభై సార్లేనట. ఆ గడియారం ఊగడాన్ని లెక్కపెట్టుకుని టైము చెబుతుందట. డబ్బా వోల్టులు తగ్గిస్తుంది గానీ ఊగడాన్ని మార్చలేదని భాయ్ చెప్పాడు. ఈ సంగతి అమ్మకు చెబితే, చేస్తున్న బీడీ పక్కన పెట్టింది.

"దాని ముంగటనే కూసోమను బిడ్డా. జల్ది ముసలోడు గాడు."

రెండు గదుల ఇల్లు మాది. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుందామంటే కాలి కింద టెలిఫోను, వీపు వెనక వైర్ల ముద్ద. ఒకరోజు అమ్మకు ఓపిక అయిపోయింది. సగం సామాను జగిత్యాలలో పాత సామాన్ల దుకాణంలో అమ్మి రావాలని, నాతో చెప్పినట్టే గట్టిగా ఇంటికంతా వినబడేలా చెప్పింది. మా ఆయన టెలిఫోన్లు, గడ్డం మిషన్లు, వైర్లు సంచిలో వేసుకుని బస్సెక్కి జగిత్యాల పోయాడు.

పొద్దు గూకేవేళకు తిరిగి వచ్చాడు. సంచి పోయినప్పటి కంటే పెద్దదైంది.

"అమ్ముడు పోలేదా?" అన్నాను.

"అన్ని అమ్మిన."

"మరి గిదేంది?"

ఆయన సంచి విప్పాడు. రెక్కలు లేని టేబుల్ ఫ్యాను. మూత లేని టేప్ రికార్డరు. ఒకవైపు సగం కరిగిపోయిన రేడియో.

"అమ్మబోయిండా, కొనబోయిండా అడుగు బిడ్డా," అన్నది అమ్మ.

"బదిలి జేసిన అని చెప్పు," అన్నాడు ఆయన. తరవాత చిన్న గొంతుతో నాతో అన్నాడు, "దుకాణపాయన గా ఫ్యాను మోటరు పలగ్గొట్టి రాగి తీస్తనని సుత్తె ఎత్తిండు. మోటరు మంచిగ తిరుగుతున్నది. నేను చూడలేకపోయిన."

ఆ మాట అమ్మ కూడా విన్నది. ఆయన కాళ్లు కడుక్కోవడానికి పోయినప్పుడు, సాంచాలను పగలగొట్టిన సంగతి మొదటిసారి ఆమెకు వివరంగా చెప్పాను. ఏ సాంచ మీద పన్నెండేళ్లు బట్ట నేశాడో, దాన్నే సమ్మెటతో కొట్టాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు తప్ప అన్నం తినలేదు. ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మ కూర ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

"గా ఫ్యానుకు రెక్కలు ఏడ దొరుకుతయో అడుగు బిడ్డా," అన్నది.

ఇల్లు ఊడ్చే మిషన్ వంతు ఆ తరవాత వచ్చింది. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తున్నాం. పక్కింటి ఆడవాళ్లు కూడా చాటలు తెచ్చుకుని కూర్చున్నారు. బీడీ కార్ఖానా నుంచి ఆ పొద్దునే తంబాకు, అంటే పొగాకు, తెచ్చుకున్నాం. అందరి చాటలూ నిండుగా ఉన్నాయి. ఇల్లంతా ఊడ్చి పెడతానని మా ఆయన డ్రమ్మును, నూనె డబ్బాను వాకిట్లోకి మోసుకొచ్చాడు.

మిషన్ మోగడం మొదలైంది. తొండంతో ముందు గడప పీల్చాడు. గడప తళతళ మెరిసింది. ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి చూడసాగారు. దాంతో ఆయనకు ఉత్సాహం వచ్చింది. తొండం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అది అమ్మ చాట పక్కనుంచి పోయింది. పోతూ పోతూ చాటలోని తంబాకునంతా ఒక్క గుటకలో మింగేసింది.

మింగి ఊరుకుంటే బాగుండేది. ఆ మిషన్ లోపల దుమ్మును ఆపే గుడ్డ సంచి ఒకటి ఉండాలట. అది చిరిగిపోయిందనే సౌదీ వాళ్లు మిషన్‌ను పడేశారు. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది. ముందు నుంచి లోపలికి పోయిన తంబాకు వెనక బొక్కలోంచి మెత్తటి పొడిగా మారి, పొగలాగా బయటికి కొట్టింది. పక్కింటామె తుమ్మింది. ఆమె పక్కనున్నామె తుమ్మింది. నేను తుమ్మాను. గల్లీలో సైకిల్ మీద పోతున్న ఆయన తుమ్మి గోడకు ఒరిగాడు. ఎదురింటి ముందు కట్టేసిన మేక కూడా తుమ్మింది. మేక తుమ్మడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

అమ్మ చెయ్యి ఊపుతూ ఏదో చెప్పబోయి తుమ్మింది. నాతో చెప్పాలని నావైపు తిరిగింది. నేను ఆపకుండా తుమ్ముతున్నాను. ఇక దారి లేక, పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి ఆమె నేరుగా ఆయన ముఖం చూసింది.

"బంద్ జెయ్యి అల్లుడా," అన్నది. "నీకు దండం బెడ్త, బంద్ జెయ్యి."

ఆయన ఉలిక్కిపడి స్విచ్చి ఆపాడు. మిషన్ ఆగిపోయినా గల్లీ చాలాసేపు తుమ్ముతూనే ఉంది. అందరం కలిసి గడప మీద, గోడ మీద, పక్కవాళ్ల పెరటి గోంగూర మీద పడ్డ తంబాకును ఊడ్చి, జల్లెడ పట్టి పోగుచేశాం. ఆ వారం మా బీడీలు కాల్చినవాళ్లు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి. అమ్మ మాత్రం ఒకసారి నోరు తెరిచాక మళ్లీ మూయలేదు. అప్పటి నుంచి ఆయన్ని నేరుగానే తిడుతూ వచ్చింది. నాకు ఒక పని తప్పింది.

మా ఆయన మాత్రం ఆ తిట్లు విననే లేదు. డ్రమ్ము వెనక బొక్కనే చూస్తూ కూర్చున్నాడు.

"వెనకంగ గాలి ఎట్ల కొట్టిందో చూసినవా?" అన్నాడు.

"చూసుడేంది, ఇంక ముక్కు మండుతున్నది."

"గా గాలి సాంచాల మీద కొడితె ఎట్లుంటది?"

సాంచాలు నడిచేచోట నూలు నుసి మంచులాగా రాలుతూ ఉంటుంది. చక్రాల సందుల్లో, గొలుసుల్లో ఇరుక్కుంటుంది. చీపురుతో, గుడ్డతో ఎంత దులిపినా పోదు. అప్పటికి తంగళ్ళపల్లిలో కొన్ని కార్ఖానాలు మెల్లగా మళ్లీ మొదలయ్యాయని వింటున్నాం. మరుసటి వారమే డ్రమ్మునూ నూనె డబ్బానూ బస్సులో వేసుకుని బయలుదేరాం. సిరిసిల్ల బస్సులో కండక్టరు డబ్బాను కాలితో జరపబోయి, జరపలేక వంగి చూశాడు.

"గిదేంది? నూనె గాదా?"

"వోల్టులు తగ్గించేదన్నా," అన్నాడు మా ఆయన.

కండక్టరు సిరిసిల్ల వచ్చేదాకా మా సీటు వైపు రాలేదు.

ఆయనకు తెలిసిన ఆసామి ఒకాయన కొన్ని సాంచాలు పెట్టుకుని నడుపుతున్నాడు. డ్రమ్మును చూసి, "ఏందిరా గిది, ఏనుగు పిల్లను వట్టుకచ్చినవా?" అన్నాడు. మా ఆయన చాలా గంభీరంగా డబ్బా తగిలించి, పైపు బిగించి, స్విచ్చి వేశాడు. హడావిడిలో పైపును ముందు వైపే బిగించాడు. అది గాలి కొట్టలేదు, పీల్చింది. సాంచ మీద సాగదీసి ఉన్న నూలు పోగులు వరసగా తెగి, సేమ్యాలాగా తొండంలోకి పోవడం మొదలుపెట్టాయి. ఆసామి నెత్తి పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ పోగులన్నీ మళ్లీ ఒకటొకటిగా అతికేసరికి నాకూ ఆయనకూ పొద్దంతా పట్టింది. ఆసామి స్టూలు వేసుకుని మా ఎదురుగానే కూర్చుని, అతుకు అతుకుకూ ఒక తిట్టు తిట్టాడు.

అతకడం అయ్యాక మా ఆయన పైపును వెనక వైపు బిగించాడు. ఆసామి లేచి తలుపు దాకా వెనక్కి పోయాడు. ఈసారి గాలి కొట్టింది. ఎన్నేళ్ల నుంచి ఇరుక్కున్న నుసో, సందుల్లోంచి లేచి కార్ఖానా అంతా కమ్ముకుంది. కాసేపు ఎవరికీ ఎవరూ కనబడలేదు. అది సద్దుమణిగాక చూస్తే సాంచాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆసామి కనుబొమలతో సహా తెల్లగా అయ్యాడు.

ఆసామి మీసం దులుపుకుంటూ సాంచ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"వచ్చే ఐతారం మల్ల రా," అన్నాడు. "గని ముందుగాల గా పైపు ఎటు పెట్టినవో నాకు చూపించినంకనే స్విచ్చెయ్యాలె."

అలా మేము తిరిగి తంగళ్ళపల్లికి వచ్చేశాం. ఆయన సైకిల్ వెనక డ్రమ్ము, ముందు డబ్బా కట్టుకుని కార్ఖానా తరవాత కార్ఖానా తిరిగేవాడు. సాంచాలు దులపడానికి పోయినచోట ఎవరిదో ఆగిపోయిన మిక్సీ, తిరగని ఫ్యాను, పాడని రేడియో చేతికి ఇచ్చేవారు. కొన్ని బాగుచేసేవాడు. కొన్ని ఇంకా చెడగొట్టేవాడు. చెడగొట్టినవి తీసుకుని కోరుట్ల భాయ్ దగ్గరికి పోయి నేర్చుకుని వచ్చేవాడు. మెల్లగా బాగయ్యేవి ఎక్కువయ్యాయి. రోడ్డు మీద చిన్న గది కిరాయికి తీసుకుని రిపేరు దుకాణం పెట్టాడు. డ్రమ్ము మోటారును భాయ్ మన కరెంటుకు సరిపడేటట్టు చుట్టి ఇచ్చాక నూనె డబ్బాకు పని లేకుండా పోయింది. అమ్మ మా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు దాని మీద పాత బొంత వేసుకుని కూర్చుని, దుకాణానికి వచ్చినవాళ్లతో ముచ్చట పెట్టేది.

ఎంత చేసినా బాగుకానివి కొన్ని ఉంటాయి. వాటి మీద మాత్రం ఆయన సుత్తి వాడడు. స్క్రూలు విప్పి ఇనుము ఒక డబ్బాలో, రాగి ఒక డబ్బాలో, పచ్చ రంగు బోర్డులు ఒక సంచిలో వేస్తాడు. పనికొచ్చే చిన్న భాగాలు సీసాల్లో దాచుకుంటాడు. మిగిలినవాటితో డబ్బాలు, సంచి నిండాక, ఆ సామాను హైదరాబాదు పంపే వ్యాపారికి ఇస్తాడు. వైర్లు కాల్చి రాగి తీసేవాళ్లు ఎవరైనా కనబడితే, ఆ పొగ ఊపిరితిత్తులకు ఎంత చెడ్డదో చెప్పి, కత్తితో ఒలవడం కూర్చోబెట్టి నేర్పిస్తాడు. వాళ్లు తప్పించుకోలేక నేర్చుకుంటారు.

ఇప్పుడు గల్ఫ్‌కు పోయే మా ఊరి పిల్లలందరి చేతుల్లో బొమ్మ కనబడే ఫోన్లు ఉన్నాయి. వాళ్లు అక్కడ చెత్తకుండీల పక్కన నిలబడి మా ఆయనకు వీడియో కాల్ చేస్తారు. మేము అన్నం తింటుంటే ఫోనులో దుబాయ్ చెత్తకుండీ కనబడుతుంది. మొన్న శుక్రవారం ఒకడు మస్కట్ నుంచి చేశాడు. తెల్లటి, గుండ్రటి వస్తువు ఒకటి చూపించాడు. దానికి రెండు గుంటలు, నాలుగు గుండీలు ఉన్నాయి.

"అన్నా, గిది తీసుకొస్తె పనికొస్తదా?"

"బోర్లియ్యి," అన్నాడు మా ఆయన ముద్ద కంచంలో వదిలేసి. "కింద రేకు మీదున్న అంకె చదువు."

"రెండువందల నలభై అన్నా."

"మంచిగున్నది. పట్టుకరా."

"గని ఇదేందన్నా?"

మా ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. నాకు చూపించాడు. కాళ్లు పెట్టుకునేదా, ఇడ్లీలు పెట్టుకునేదా నాకూ అంతుపట్టలేదు.

"పట్టుకరారా," అన్నాడు, "ఇప్పి చూద్దాం."